ముఖానికి కూడా లంఖణమే మందు

ప్రశ్న: అక్కా, నమస్తే. నా వయసు 26. మీకంటే చాలా చిన్నదాన్ని, ‘నువ్వు’ అనే రాయండి. నాది జిడ్డు చర్మం. నెలకి నాలుగైదు మొటిమలు, వాటి తాలూకు మచ్చలు తప్ప పెద్ద ఇబ్బందులేమీ ఉండేవి కావు. మూడు వారాల క్రితం 10 శాతం గ్లైకోలిక్ యాసిడ్ సీరమ్ కొన్నాను. వారానికి రెండు రాత్రులు చాలని సీసా మీద రాసుంది. మచ్చలు త్వరగా పోతాయని రోజూ రాశాను. దాని మీదే రెటినాల్, పొద్దున విటమిన్ సి. పన్నెండో రోజు నుంచి మంట మొదలైంది. ఇప్పుడు మామూలు నీళ్లు తగిలినా చురుక్కుమంటోంది. బుగ్గలు కాస్త నల్లబడి, నూనె రాసినట్టు మెరుస్తున్నాయి. ముక్కు పక్కన పొట్టు లేస్తోంది. నుదుటి మీద సన్నటి పొక్కులు వచ్చాయి. పొట్టు పోతుందని స్క్రబ్ వాడితే ఇంకా ఎక్కువైంది. నా ఫ్రెండేమో ‘ఇది పర్జింగ్, లోపలిదంతా బయటికొస్తోంది, ఇప్పుడు ఆపితే మళ్లీ మొదటికొస్తావు’ అంటోంది. మా వదిన తను వాడే క్రీము ఇచ్చింది, రెండు రోజుల్లో తగ్గిపోతుందట. దాని మీద హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మొమెటాసోన్ అని ఉంది. ఈలోగా నేనే ఒక రిపేర్ సీరమ్ కొన్నాను, అదీ మండుతోంది. వచ్చే నెల 20న కొత్త ఉద్యోగంలో చేరాలి. అప్పటికి తగ్గుతుందా? ఏం రాయాలి? టెన్షన్‌తో రోజుకి ఇరవైసార్లు అద్దం చూసుకుంటున్నాను.

సమాధానం: వదిన ఇచ్చిన క్రీము మూత ఇంకా తీయకపోతే, తీయకు. ఎందుకో కాసేపాగి చెప్తాను. ముందు నీ అసలు ప్రశ్న. ‘ఏం రాయాలి’ అన్నావు. నువ్వు రాసినవి నీ ఉత్తరంలోనే లెక్కపెట్టాను. గ్లైకోలిక్, రెటినాల్, విటమిన్ సి, స్క్రబ్, రిపేర్ సీరమ్. ఇక వదిన క్రీము ఒకటి వంతు కోసం కాచుకుని ఉంది. మూడు వారాల్లో ఆరు! కడుపు పాడైతే ఏం చేయాలో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు, లంఖణం పరమౌషధం అంటాం. ముఖానికీ అదే. కొన్నాళ్లు దాన్ని దాని మానాన వదిలెయ్యాలి. చెప్పడానికి ఒక్క మాటే. చేయబోతే మాత్రం చేతులు ఊరుకోవు. అందుకే ఇంత పొడుగు జవాబు.

నేను డాక్టర్ని కాను. చర్మం గురించి చదవడం, రాయడం నా పని. కానీ ఈ విషయంలో నేను చదివిందానికంటే పడ్డదే ఎక్కువ. ముప్పై దాటిన కొత్తల్లో ముఖం పైపొర ఊడదీసే ఒక యాసిడ్ పూత, పీల్ అంటారు, దాని మీద మోజుపడి, వారానికోసారి వేసుకోవాల్సినదాన్ని రోజు విడిచి రోజు వేసుకున్నాను. అయిదారు రోజులకే స్నానం చేస్తుంటే నీళ్లు తగిలిన చోటల్లా కారం పూసినట్టు ఉండేది. మెట్లెక్కి కాస్త చెమట పడితే చాలు, కళ్లలో నీళ్లు తిరిగేవి. అప్పుడు నేను చేసినదీ నువ్వు చేసినదే. మంట తగ్గించే జెల్లు ఒకటి, దాని మీద చల్లబరిచే టోనర్ ఒకటి, ఆ రెండూ పని చేయట్లేదని ఇంకో నూనె. చివరికి వెళ్లిన చర్మ డాక్టరమ్మ నా ముఖం చూసింది ఒక్క నిమిషం. మిగతా పది నిమిషాలూ నేను వాడుతున్నవాటి పేర్లు రాసుకోవడానికే సరిపోయింది. ‘ఇవన్నీ ఒక సంచీలో వేసి, ముడేసి, చేతికి అందని చోట పెట్టండి. నెల తర్వాత సంచీ పట్టుకుని రండి’ అంది. చీటీలో రాసినవి రెండే, ఒక క్లెన్సర్, ఒక మాయిశ్చరైజర్. ఫీజు దండగ అనుకుంటూ ఇంటికొచ్చాను. తొమ్మిదో రోజు పొద్దున ముఖం కడుక్కుని, తుడుచుకుని, టవల్ ఆరేశాక గానీ నాకు తట్టలేదు, ఈరోజు మంట పుట్టలేదని.

సరే, నీ సంగతి. ఒక్క విషయం ముందే తేల్చుకోవాలి. కనురెప్పలు గాని పెదవులు గాని ఉబ్బినా, నాలుక వాచినట్టున్నా, ఊపిరి ఆడకపోయినా అది ఇంట్లో కూర్చుని ఉత్తరాలు రాసే విషయం కాదు, ఆ క్షణమే ఎమర్జెన్సీకి వెళ్లాలి. నీటి బొబ్బలు లేచినా, రసి కారినా, పసుపుపచ్చటి పక్కులు కట్టినా, జ్వరం వచ్చినా, కంటి లోపల నొప్పి ఉన్నా ఆ రోజే డాక్టర్‌కి చూపించాలి. ముఖానికి ఒకపక్కనే గుత్తిగా నొప్పితో పొక్కులు వస్తే అది హెర్పిస్ అనే వైరస్ జబ్బు కావచ్చు. దానికి మందు వేరు, అదీ ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది. నువ్వు రాసినదాంట్లో ఇవేవీ లేవు కాబట్టి మిగతాది చదువు.

ఇక నీ ఫ్రెండ్ మాట. పర్జింగ్ అనేది ఒకటి ఉంది, కాదనను. రెటినాల్, యాసిడ్లలాంటివి చర్మకణాలు రాలే వేగాన్ని పెంచుతాయి కాబట్టి, ఎలాగూ రాబోయే మొటిమలు కాస్త ముందే పైకి వస్తాయి. కానీ అవి నీకు మామూలుగా వచ్చే చోటే వస్తాయి, మామూలు మొటిమల్లాగే ఉంటాయి, ఎప్పటికంటే త్వరగా వెళ్లిపోతాయి. నీళ్లు తగిలితే మండడం, పొట్టు లేవడం, ఎప్పుడూ మొటిమ రాని చోట సన్నటి పొక్కులు లేవడం పర్జింగ్ కాదు. అవి ‘ఇక ఆపు’ అని చర్మం వేసే కేకలు. ‘లోపలిదంతా బయటికొస్తోంది’ అనే మాట నాకు మొదట్నుంచీ నచ్చదు. లోపల దాక్కున్న మురికేమీ లేదక్కడ. బయటికి పోతున్నది నీ చర్మంలో ఉండాల్సిన నీళ్లు.

అదెలాగంటే, చర్మంలో అన్నిటికంటే పైనున్న పొర మందం మిల్లీమీటరులో యాభయ్యో వంతు కూడా దాదాపు ఉండదు. ఆ పలచటి పొరే మనకి ప్రహరీ గోడ. చచ్చిన చర్మకణాలు ఇటుకల్లా పేర్చుకుని ఉంటాయి, వాటి మధ్య సిమెంటులా కొవ్వు పదార్థాలు ఉంటాయి. పీటర్ ఎలియాస్ అనే అమెరికన్ చర్మ శాస్త్రవేత్త వల్ల బాగా వాడుకలోకి వచ్చిన పోలిక ఇది, నాకు తెలిసి ఇంతకంటే తేలిగ్గా అర్థమయ్యేది ఇంకోటి లేదు. ఆ సిమెంటులో దాదాపు సగం సెరమైడ్లు, మిగతాది ముఖ్యంగా కొలెస్ట్రాల్, ఫ్యాటీ యాసిడ్లు. గ్లైకోలిక్ యాసిడ్ చేసే పనేమిటంటే ఇటుకల మధ్య పట్టును సడలించడం. వారానికి రెండుసార్లయితే పైన వదులైన ఇటుకలు నాలుగు రాలి, ముఖం నునుపుగా కనిపిస్తుంది. రోజూ రాసి, పైన రెటినాల్ వేసి, మళ్లీ స్క్రబ్‌తో రుద్దితే గోడకి బీటలు పడతాయి. లోపలి తడి ఆవిరైపోతుంది, బయట రాసింది ఏదైనా నేరుగా లోపలికి దిగుతుంది. అందుకే నెల క్రితం హాయిగా ఉన్న మాయిశ్చరైజర్ కూడా ఇలాంటప్పుడు మండుతుంది. క్రీము మారలేదు, దాని కింది గోడ మారింది. ఆ మెరుపు కూడా ఆరోగ్యం కాదు, నూనె కూడా కాదు. పైపొర పలచబడి, బిగుసుకుపోయి, గాజులా వెలుతురు తిప్పికొడుతోంది.

బుగ్గలు నల్లబడ్డాయన్నావు. చర్మం మండితే ఎర్రబడాలని చాలామంది అనుకుంటారు. చామనఛాయ, నలుపు ఒంటి మీద ఎరుపు సరిగా కనిపించదు, ముదురు గోధుమగానో, బూడిద కలిసిన నలుపుగానో కనిపిస్తుంది. ఎర్రగా లేదు కదా, పర్వాలేదులే అనుకుని కొనసాగించేవాళ్లు బోలెడుమంది. రంగు చూసి తేల్చుకోకుండా వేలితో తాకి చూడు. వేడిగా, గరుగ్గా, బిగుతుగా ఉందంటే అది మంటే.

ఇది అలర్జీనా అని నువ్వు అడగలేదు కానీ అడగాల్సిన ప్రశ్న. ఒక వస్తువు పడకపోవడం రెండు రకాలు. ఒకటి చర్మం కమిలిపోవడం. ఇది ఎవరికైనా రావచ్చు, మోతాదు మించితే చాలు. ముఖ్యంగా మంట, చురుకు ఉంటాయి, రాసిన చోటే ఉంటుంది. స్పర్శ వల్ల వచ్చే చర్మపు మంటల్లో ఎక్కువ భాగం ఈ రకమే. రెండోది అలర్జీ. ఇందులో మంటకంటే దురద ఎక్కువ, రాసిన వెంటనే కాకుండా ఒకటి నుంచి మూడు రోజుల తర్వాత బయటపడుతుంది, రాయని చోటికీ పాకవచ్చు. ఏళ్ల తరబడి బాగానే పడిన వస్తువుకి కూడా ఉన్నట్టుండి రావచ్చు. చిత్రమేమిటంటే అలర్జీకి కారణం ఒక్కోసారి ముఖానికి రాసింది కాదు, జుట్టుకి వేసుకున్న రంగో, గోళ్లకి వేసుకున్న పాలిషో అయ్యుంటుంది. కనురెప్పల చర్మం ఒంట్లోకెల్లా పలచన కాబట్టి అక్కడ ముందు తేలుతుంది. నీకు వాడకం మితిమీరాక, పన్నెండో రోజున, రాసిన చోటే, మంటగా వచ్చింది. నా అంచనా మొదటి రకమనే. ఇది మంచి వార్తే. కమిలిన చర్మం కోలుకున్నాక అదే వస్తువు తక్కువ మోతాదులో పడొచ్చు. అలర్జీ అయితే చుక్క కూడా పనికిరాదు, అదీ దాదాపు జీవితాంతం.

ఇప్పుడు లంఖణం. ఈ రాత్రి నుంచే ఆ సీసాలన్నీ సంచీలోకి. రిపేర్ సీరమ్ కూడా. పేరులో ‘రిపేర్’ ఉన్నంత మాత్రాన అది మరమ్మతు చేయదు. వెనక ఏముందో చూడు, ఇలాంటి వాటిలో చాలాసార్లు నియాసినమైడ్, అంటే బి3 విటమిన్‌లో ఒక రకం, 10 శాతం దాకా ఉంటుంది. బాగున్న చర్మానికి మంచిదే గానీ బీటలు పడ్డప్పుడు ఆ మోతాదు చాలామందికి మంట పెడుతుంది. టోనర్లు, షీట్ మాస్కులు, సువాసన తైలాలు, ముఖం తుడిచే వైప్స్, అన్నీ లోపలికే. నిమ్మరసం, బేకింగ్ సోడా, టూత్‌పేస్ట్ చిట్కాలు ఎవరైనా చెప్తే విని ఊరుకో. ఆమ్లాన్ని కొలిచే అంకె పీహెచ్, అది ఎంత తక్కువైతే ఆమ్లం అంత ఎక్కువ. నిమ్మరసం పీహెచ్ 2 దగ్గర ఉంటుంది, చర్మానిది 5 అటూఇటూ. పీహెచ్‌లో ఒక్క అంకె తేడా అంటే ఆమ్ల గాఢతలో పదిరెట్లు. మూడంకెల తేడా ఎంతో నువ్వే లెక్కేసుకో.

పొద్దున క్లెన్సర్ అక్కర్లేదు, గోరువెచ్చటి కంటే కాస్త చల్లటి నీళ్లతో ఊరికే తడిపితే చాలు. రాత్రి మాత్రం నురుగు రాని, వాసన లేని మెత్తటి క్లెన్సర్. మామూలు సబ్బు వద్దు, దాని పీహెచ్ 9, 10 ఉంటుంది. వేళ్ల కొసలతో ముప్పై సెకన్లు తిప్పి కడిగెయ్. షవర్ కింద నేరుగా ముఖం పెట్టకు, ఆ ధార కూడా ఇప్పుడు ఎక్కువే. మెత్తటి నూలు బట్టతో అద్దు, తుడవకు. పూర్తిగా ఆరబెట్టకు కూడా. చర్మం ఇంకా కొంచెం చెమ్మగా ఉండగానే, ఒకటి రెండు నిమిషాల్లోపు, మాయిశ్చరైజర్ రాసెయ్యాలి. ఏది కొనాలంటే పదార్థాల పట్టీ చిన్నగా ఉన్నది, సెరమైడ్లు, గ్లిజరిన్, పాంథెనాల్, స్క్వాలేన్ లాంటి పేర్లు కనిపించేది. లాక్టిక్ యాసిడ్, యూరియా ఉన్నవి మామూలుగా మంచివే కానీ ఇప్పుడు మండుతాయి.

ఏ మాయిశ్చరైజర్ రాసినా మండుతుంటే దాన్నీ పక్కన పెట్టి ఉత్త పెట్రోలియం జెల్లీ రాయి. 1872లో పేటెంట్ పొందిన పాత సరుకు, ఇందులో చర్మాన్ని రెచ్చగొట్టేది దాదాపు ఏమీ ఉండదు. చర్మం నుంచి నీళ్లు ఆవిరి కాకుండా ఆపడంలో దీన్ని మించింది లేదు, 98 శాతం దాకా ఆపగలదంటారు. జిడ్డు చర్మానికి జెల్లీయా అని భయపడతావని తెలుసు. అందుకే రాసే పద్ధతి ముఖ్యం. బియ్యపు గింజంత తీసుకుని రెండు అరచేతుల మధ్య బాగా రుద్దు, మెరుపు తప్ప ఏమీ కనపడనంత పలచగా అవుతుంది. ఆ చేతుల్ని బుగ్గలకి, ముక్కు పక్కలకి, గడ్డానికి ఊరికే ఆనించి తీసెయ్. రుద్దొద్దు. నుదుటి మీద పొక్కులున్నాయి కాబట్టి అక్కడ వదిలెయ్. చర్మ రంధ్రాలు మూసుకుపోతాయని దీని మీదున్న అపవాదు చాలావరకు తప్పే గానీ, ఇంత మంటలో కొత్త అనుమానం ఒకటి నీకెందుకు.

మంట మరీ ఎక్కువైతే శుభ్రమైన బట్ట చల్లటి నీళ్లలో ముంచి, పిండి, అయిదు పది నిమిషాలు వేసుకో. రోజుకి మూడు నాలుగు సార్లు వేసుకోవచ్చు, తీసిన వెంటనే మాయిశ్చరైజర్. ఐసు ముక్క నేరుగా పెట్టకు, అది మళ్లీ ఇంకో గాయం. లేచిన పొట్టు గిల్లకు. కత్తెరతో కత్తిరించేవాళ్లని కూడా చూశాను నేను! కింది చర్మం తయారయ్యాక అదే రాలుతుంది. త్రెడింగ్, వ్యాక్సింగ్, బ్లీచ్, ఫేషియల్ ఈ నెల మాటెత్తొద్దు. రెటినాల్ వాడుతున్న ముఖం మీద వ్యాక్స్ పెడితే వెంట్రుకతో పాటు చర్మమూ లేచొచ్చిన సందర్భాలున్నాయి. దిండు గలీబు మూడు రోజులకోసారి మార్చు, ఉతికే పొడిలో ఘాటు వాసనలు లేకుండా చూసుకో.

ఇలా చేస్తే ఏ రోజు ఏమవుతుంది? మొదటి రెండు మూడు రోజులు ఏమీ తేడా కనపడదు, కొందరికి పొట్టు ఇంకా ఎక్కువవుతుంది. సంచీ ముడి విప్పబుద్ధయ్యేది సరిగ్గా అప్పుడే. నాకు నాలుగో రోజు రాత్రి అటక కింద స్టూలు వేసుకుని నిలబడిన జ్ఞాపకం ఉంది. వారం, పది రోజుల్లో నీళ్ల చురుకు పోవాలి. రెండో వారంలో గరుకుతనం తగ్గి, ఆ గాజు మెరుపు పోయి చర్మం మామూలు మసక తిరుగుతుంది. గోడ పూర్తిగా గట్టిపడటానికి మాత్రం మూడు నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. కింద పుట్టిన కణం పైకొచ్చి రాలిపోవడానికే సుమారు నాలుగు వారాలు కావాలి కదా. అన్నీ ఆపేశాక కూడా అయిదు రోజుల్లో మంట పెరుగుతూనే ఉన్నా, రెండు వారాలకి ఏ మార్పూ లేకపోయినా చర్మ డాక్టర్ని కలువు. సంచీ పట్టుకెళ్లడం మర్చిపోకు.

అద్దం గురించి ఒక మాట. రోజుకి ఇరవైసార్లు చూస్తే ఏదీ తగ్గినట్టు కనపడదు. మూడు రోజులకోసారి, అదే కిటికీ దగ్గర, అదే వేళకి ఒక ఫొటో తీసి పెట్టుకో. పోల్చాల్సింది ఆ ఫొటోల్ని.

ఇక వదిన క్రీము. నువ్వు దాని మీది పేర్లు చదివి రాయడం చాలా మంచి పని చేశావు. ఆ మూడూ కలిపిన క్రీము మంగు మచ్చలకి డాక్టర్లు కొన్ని వారాల పాటు, తమ కళ్ల ముందుంచుకుని ఇచ్చే మందు. ముఖం మంటకి కాదు. ట్రెటినాయిన్ అంటే నువ్వు వాడిన రెటినాల్‌కి పెద్దన్న, దానికంటే ఎన్నో రెట్లు ఘాటు. నిన్ను కాల్చినదాన్నే ఇంకా పదును పెట్టి మళ్లీ రాసుకున్నట్టు. హైడ్రోక్వినోన్ కూడా కమిలిన చర్మాన్ని మండించేదే. మరి రెండు రోజుల్లో ఎలా తగ్గుతుందంటే, ఆ మాయ మొమెటాసోన్‌ది. అది స్టెరాయిడ్. మంటని నొక్కిపెడుతుంది, రెండో రోజుకి ముఖం నిగనిగలాడుతుంది. ఆపగానే మంట రెట్టింపై తిరిగొస్తుంది, దాంతో మళ్లీ రాస్తారు. నెలలు గడిచేసరికి చర్మం పలచబడి, సన్నటి ఎర్రటి నరాలు తేలి, మొటిమలు, అవాంఛిత రోమాలు వచ్చి, ఆ క్రీము లేకుండా ముఖం ఉండలేని స్థితికి వస్తుంది. ట్యూబు మీద బీటామెథాసోన్, క్లోబెటసాల్, ఫ్లూసినోలోన్ అని ఉన్నా కథ ఇదే. స్టెరాయిడ్ మందే కాదని నేననను. నిన్ను చూసిన డాక్టర్ తక్కువ ఘాటున్నది, ఇన్ని రోజులేనని లెక్క చెప్పి ఇస్తే నిశ్చింతగా రాసుకో. లెక్క లేకుండా చేతికొచ్చిన ట్యూబుతోనే నా పేచీ.

ఎండ విషయంలో మాత్రం లంఖణం చెల్లదు. గ్లైకోలిక్ లాంటి యాసిడ్లు ఆపేశాక కూడా వారం దాకా చర్మం ఎండకి ఎక్కువ కందుతుంది. పైగా కమిలిన చోట ఎండ తగిలితే అక్కడే నల్లమచ్చ స్థిరపడుతుంది. మొదటి వారం సన్‌స్క్రీన్ మండితే బలవంతంగా రాయకు. గొడుగు, అంచు వెడల్పున్న టోపీ, నీడ, ఇవే నీ సన్‌స్క్రీన్. చురుకు తగ్గాక జింక్ ఆక్సైడ్ ఉన్నది, ఎస్‌పీఎఫ్ 30 తగ్గకుండా, వాసన లేనిది మొదలుపెట్టు. చర్మం రంగు కలిపిన టింటెడ్ రకం దొరికితే ఇంకా మంచిది. వాటిలోని ఐరన్ ఆక్సైడ్లు మామూలు వెలుతురు వల్ల వచ్చే నలుపుని కూడా కొంత అడ్డుకుంటాయి, మన ఒంటి రంగుల వాళ్లకి అది పనికొచ్చే విషయం.

20వ తేదీకి తగ్గుతుందా అంటే, మంట, పొట్టు, బిగుతు తగ్గుతాయనే నా నమ్మకం, నీ చేతిలో ఇంకా కనీసం నాలుగు వారాలున్నాయి కాబట్టి. బుగ్గల మీద నలుపు మాత్రం అప్పటికి పూర్తిగా పోదు. మంట మిగిల్చిన మచ్చ పైపైనే ఉన్నా వెళ్లడానికి నెలలు పడుతుంది. ఇప్పుడే దాని వెంటపడ్డావంటే మళ్లీ మంట, మళ్లీ మచ్చ. ఉద్యోగంలో చేరే రోజు కాస్త మేకప్ వేసుకోవాలనుంటే, నీళ్లు తగిలినా మాయిశ్చరైజర్ తగిలినా చురుక్కుమనకుండా ఒక వారం గడిచి ఉండాలి. ఆ టింటెడ్ సన్‌స్క్రీనే పలచగా రాసుకుంటే సగం పని అయిపోతుంది. బ్రష్షులు, స్పంజీలు ముందే కడిగి ఆరబెట్టు. రాత్రి మేకప్ తీసేటప్పుడు గట్టిగా రుద్దే పని పడేదేదీ ఆ రోజు వేసుకోకు.

సంచీ విప్పేది ఎప్పుడో చెప్పి ముగిస్తాను. ఏ చురుకూ లేకుండా నాలుగు వారాలు గడవాలి. అప్పుడు ఒక్కటే తీయి. నీ బాధ మొటిమలు, మచ్చలు కాబట్టి నేనైతే గ్లైకోలిక్ వదిలేసి రెటినాల్ తీస్తాను. గర్భం ఉన్నా, గర్భం కోసం చూస్తున్నా మాత్రం రెటినాల్ వద్దు. ముందు మోచేతి మడత లోపల ఒక రూపాయి బిళ్లంత చోట రోజూ రెండుపూటలా, వారం పది రోజులు రాసి చూడు. ఒక్కరోజు రాసి ఏమీ కాలేదంటే లెక్క కాదు, అలర్జీ ఆలస్యంగా వస్తుందని చెప్పాను కదా. రెటినాల్, యాసిడ్ల వల్ల ఆ మడతలో కాస్త ఎండినట్టు, గరుగ్గా అవడం ఉంటుంది, దానికి బెదిరిపోకు. దురదతో దద్దు తేలిందంటే అదింక నీది కాదు. అక్కడ నెగ్గితే ముఖానికి, వారానికి రెండే రాత్రులు. ముఖం బాగా ఆరాక మాయిశ్చరైజర్, దాని మీద మొత్తం ముఖానికి కలిపి శనగగింజంత రెటినాల్, కళ్ల చుట్టూ, ముక్కు మూలలు, పెదవుల అంచులు వదిలేసి. ఫలితం చూడ్డానికి మూడు నెలలు ఆగాలి. నువ్వు మూడు వారాల్లో రాబట్టాలనుకున్నదే ఇదంతా.

కొత్తది ఏది కొన్నా దానికి రెండు వారాలు ఒంటరిగా గడువివ్వు, అప్పుడే దోషి ఎవరో తెలుస్తుంది. ఒకేసారి మూడు మొదలుపెట్టావు కాబట్టే ఇవాళ నీకు గానీ నాకు గానీ ఏది కాల్చిందో కచ్చితంగా తెలియట్లేదు. లేబుల్ మీద ‘అన్‌సెంటెడ్’ అని ఉంటే మోసపోకు, అసలు వాసన తెలియకుండా ఇంకో పరిమళం కలిపి ఉండొచ్చు. ‘ఫ్రాగ్రెన్స్ ఫ్రీ’ అని ఉండాలి. మిథైల్ ఐసోథయాజొలినోన్ అని పొడుగు పేరు కనిపిస్తే వదిలెయ్. అది నిల్వ ఉంచే పదార్థం, ఎంతమందికి అలర్జీ తెచ్చిందంటే రాసి ఉంచుకునే క్రీముల్లో దాన్ని యూరప్ 2017 నుంచి వాడనివ్వట్లేదు. ‘నేచురల్’ అన్న మాటకి కూడా కరిగిపోకు. అలర్జీ తెప్పించే పరిమళాల్లో చాలా భాగం పువ్వుల నుంచి, ఆకుల నుంచి తీసినవే. ఇన్ని జాగ్రత్తలు పడ్డా మళ్లీ మళ్లీ వస్తుంటే చర్మ డాక్టర్లు చేసే ప్యాచ్ టెస్ట్ చేయించుకో. వీపు మీద చిన్న చిన్న పట్టీలు అంటించి 48 గంటలకి తీస్తారు, ఆ తర్వాత ఒకటి రెండు రోజులకి మళ్లీ చూస్తారు. ఆ రోజుల్లో వీపు తడవకూడదు, అదొక్కటే చిరాకు.

సంచీ విప్పిన రోజు విటమిన్ సి సీసా వెలుతురులో పెట్టి చూడు. ముదురు గోధుమ రంగు తిరిగి ఉంటే అది పాడైపోయినట్టే, ఎంత పెట్టి కొన్నా పారెయ్.

ఆ క్రీము వదినకి తిరిగిచ్చేటప్పుడు, ఎన్నాళ్లుగా రాస్తోందో మెల్లగా అడుగు. ‘నాలుగు రోజులు మానేస్తే ముఖం మండిపోతుంది, అందుకే మానను’ అంటే, ఉన్నట్టుండి ఆపెయ్యమని మాత్రం చెప్పకు. మొదటి వారమే ముఖం భగ్గుమంటుంది, భయపడి మళ్లీ అదే ట్యూబు పట్టుకుంటుంది. ఆ ట్యూబు తీసుకుని చర్మ డాక్టర్ దగ్గరికి వెళ్లమను. ఎంతెంత తగ్గిస్తూ మానాలో వాళ్లు చూసి చెప్తారు. ఒక్కతే వెళ్లడానికి మొహమాటపడితే నువ్వూ తోడు వెళ్లు.